నాట్యప్రదర్శనము – విందుభోజనము

(మా తెలుగు సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు సెలవిచ్చినప్పుడు మేము కొంత వెనుకాడాము. మేము రైల్వేలో గుమాస్తాపని చేసుకొనేవారము. చదువు మెట్రిక్కుతో సరి. నాట్యశాస్త్రము విప్పిచెప్పగల పండితులము కాము. అయినా ఆట చూచేవారికీ, ఆట అయిన తరువాత వడ్డన చేసేవారికీ కొంత అనుభవము ఉంటుంది కద! ఆ అనుభవంలో నుంచి నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఈ బెంగుళూరులో నాట్యప్రదర్శనకు ఆహ్వానపత్రిక వచ్చిందంటే అడుగున ఒక వాక్యము తరచుగా కనబడుతుంది: ‘విందు కలదు’. కొన్ని చోట్ల విందు ఆట తరువాత. కొన్ని చోట్ల ఆట జరుగుతూ ఉండగానే. పత్రిక చేతికి రాగానే మన ఇండ్లలో పుట్టే మొదటి ప్రశ్న ‘ఎవరు ఆడుతున్నారు?’ అని కాదు, ‘భోజనము ఉన్నదా?’ అని. దీన్ని ఎగతాళికి చెప్పడము లేదు. వైట్‌ఫీల్డులో కాపురమున్నవారు మల్లేశ్వరానికి రావాలంటే మెట్రో ఎక్కినా, బస్సు ఎక్కినా గంటకు తక్కువ పట్టదు. ఆట చూచి ఇల్లు చేరేసరికి పది దాటుతుంది. అప్పుడు పొయ్యి వెలిగించమని ఏ ఇల్లాలితో చెప్పగలము? పిల్లలను ఆకలితో ఎట్లా పడుకోబెట్టగలము? కాబట్టి భోజనము ఉండవలసిందే. భోజనము లేకపోతే సభలో సగము కుర్చీలు ఖాళీ. కార్యవర్గంలో పనిచేసిన వారందరికీ ఈ సంగతి తెలుసు.

మా ప్రశ్న వేరు. ఆ సాయంకాలము ఆటకోసము భోజనము పెడుతున్నామా, భోజనంకోసము ఆట పెడుతున్నామా?

రెండేండ్ల క్రిందట ఈ నగరంలోనే ఒక సభకు మేము కుటుంబసమేతముగా వెళ్లాము. ఎవరి సభ, ఏ హాలు అన్నది ఇక్కడ అనవసరము. ప్రదర్శన భామాకలాపము. సత్యభామ కృష్ణుడికి లేఖ వ్రాసి, అందజేయమని మాధవిని బ్రతిమాలుతున్నది. మాధవి ఊరికే పోతుందా? ‘నీ ముక్కెర ఇస్తే పోతాను’ అంటుంది. అటు మగని ఎడబాటు, ఇటు ముక్కుమీది ముక్కెర. ఏది వదులుకొంటుంది? నవ్వూ, కన్నీరూ ఒకేచోట కలిసే ఘట్టము అది. సరిగ్గా ఆ సమయానికే హాలు వెనుక పాత్రల మూతలు తీశారు. బిసిబేళె బాతు వాసన సభలోకి వచ్చింది. ఒకరు లేచారు, ఇద్దరు లేచారు, తరువాత వరుసకు వరుసే లేచింది. వేదికమీద సత్యభామ ముక్కెరకు చేయి పెట్టేసరికి సభలో సగము మంది చేతుల్లో పళ్లేలు ఉన్నవి.

మా వరుసలో ఒక పెద్దావిడ, ఆమె మనుమరాలు కదలకుండా కూర్చున్నారు. పిల్లకు ఏడెనిమిది ఏండ్లు ఉంటవి. ‘అమ్మమ్మా, ఆమె ఇచ్చేస్తుందా?’ అని ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ ‘ఇవ్వక ఏమి చేస్తుందే, ముక్కెర కంటె మొగుడు ఎక్కువ కదా!’ అని తెలుగులో చెప్పింది. ‘ముక్కెర అంటే?’ అని పిల్ల మళ్లీ అడిగింది. ఆవిడ తన ముక్కు చూపించింది. ఆ రాత్రి ఆ పిల్లకు ఒక తెలుగు మాట వచ్చింది. లేచిపోయిన వరుసల్లోనూ అంత వయస్సు పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఆ మాట రాలేదు. మేము ఈ వేళ మాట్లాడేది అంతా ఈ చిన్న సంగతిని గురించే అనుకొన్నా తప్పు లేదు.

అదే సభలో తరంగము కూడా ఆడారు. నర్తకి ఇత్తడి పళ్లెము అంచుమీద పాదాలు ఆనించి, తలమీద నీళ్ల చెంబు నిలుపుకొని, తాళానికి తప్పకుండా పళ్లెమును కదిలిస్తూ ముందుకు వస్తుంది. ఆ నిలకడకు ఎన్ని ఏండ్ల సాధన కావాలో ఆలోచించండి. వేదికమీద ఆ ఒక్క పళ్లెము. క్రింద వందల పళ్లేలు, చెంచాల చప్పుడు. ఆమె చెవికి మృదంగము వినబడిందో లేదో మాకు అనుమానమే.

ఆట ముగిసింది. కళాకారులు రంగు కడుక్కొని, నగలు విప్పి పెట్టెల్లో సర్దుకొని వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. నాట్యము చేసేవారు ఆటకు ముందు కొన్ని గంటలు కడుపునిండా తినరు. తింటే ఒళ్లు వంగదు, ఊపిరి ఆడదు. అందరి కంటె ఆకలి ఎక్కువగా ఉండేది వాళ్లకే. పాత్రల్లో మిగిలింది అన్నము, పెరుగు, కొంచెము ఊరగాయ. వాళ్లు ఒక్క మాట అనలేదు. పెరుగన్నము కలుపుకొని తిన్నారు.

ఆ మేళము అంతదూరము నుంచి ఎట్లా వచ్చిందో రైల్వేవారము కనుక మాకు బాగా తెలుసు. బందరు నుంచి బయలుదేరి యశ్వంతపురం వచ్చే కొండవీడు ఎక్స్‌ప్రెస్సులో రాత్రంతా ప్రయాణము. స్లీపర్ తరగతిలో మనిషికి 40 కిలోల సామాను వరకు ఉచితము. దానికి మించితే బుక్ చేసి రుసుము కట్టాలి. వేషాల పెట్టెలు, మృదంగము, తాళాలు, తెరలు – ఈ లెక్క చూచుకొంటూనే ఒక్కొక్క వస్తువు సర్దుకొంటారు. పూర్వము భామ నగలను తేలికైన బూరుగు కర్రతో చేసేవారు. రాత్రంతా ఆడే మనిషి మెడమీద బరువు ఉండకూడదని ఆ ఏర్పాటు. ఇంత జాగ్రత్త పడి వచ్చేవారిని మనము పెరుగన్నంతో సాగనంపుతున్నాము.

పూర్వము ఈ వరుస ఎట్లా ఉండేదో ఒకసారి తలచుకొందాము. కృష్ణాజిల్లాలో మొవ్వ దగ్గర కూచిపూడి. 17వ శతాబ్దంలో సిద్ధేంద్రయోగి అక్కడి బ్రాహ్మణ బాలురకు భామాకలాపము నేర్పించారనీ, ఆట చూచి సంతోషించిన గోలకొండ తానీషా ఆ అగ్రహారమును భాగవతులకు ఇచ్చారనీ పెద్దలు చెప్పుకొంటారు. ఆ ఊరి భాగవతుల ఇండ్లలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషము కట్టాలని కట్టడి. మేళము ఊరూరూ తిరిగేది. గుడి ముందు పందిరి, రెండు ప్రక్కల కాగడాలు. ముఖ్యపాత్ర వచ్చేటప్పుడు కాగడామీద గుగ్గిలము చల్లితే భగ్గున వెలుగు లేచేది. తెర వెనుకనుంచి సత్యభామ తన జడను తెరమీదుగా ముందుకు వేసేది. ఊరివారు ప్రొద్దుగూకగానే అన్నాలు తిని, చాపలు చంకన పెట్టుకొని వచ్చి కూర్చొనేవారు. ఆట తెల్లవారేవరకు. మేళానికి ఊరే అన్నము పెట్టేది. ఆకలికి ఒక వేళ, ఆటకు ఒక వేళ. రెండూ కలిపి ఎవరూ కలగాపులగము చేయలేదు.

తరువాత కాలము మారింది. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. రాత్రంతా సాగే కథలను పట్టణపు రంగస్థలానికి తగినట్లు రెండు రెండున్నర గంటల నృత్యనాటకాలుగా తీర్చిదిద్దారు. ఆడపిల్లలు ఎందరో ఈ విద్య నేర్చుకొన్నారు. మగవాడై పుట్టి సత్యభామగా దేశమంతటా పేరు తెచ్చుకొన్న వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమూ, 1970లో పద్మశ్రీ బిరుదూ వచ్చినవి. ఈ ఇద్దరు మహనీయులూ 2012లోనే మనలను విడిచిపోయారు. మన తీరికలేనితనము చూచి వాళ్లు రాత్రిని రెండు గంటలకు దించి ఇచ్చారు. ఆ రెండు గంటలను కూడా మనము సాంబారుకూ పాయసానికీ మధ్య ఇరవై నిమిషాలు చేస్తే, ఇక దించడానికి ఏమి మిగులుతుంది?

‘ఇది పరాయి ఊరు, ఇక్కడ అట్లా కుదరదు’ అని కొందరు అంటారు. మన కంటె ముందు వలసపోయినవారు ఏమి చేశారో చూడండి. తంజావూరు జిల్లాలో మెలట్టూరు అనే పల్లె ఉన్నది. నాయకరాజుల కాలంలో అక్కడ స్థిరపడిన కుటుంబాలవారు తమిళదేశము నడిబొడ్డున ఉండి భాగవతమేళ నాటకాలు ఆడుతూ వచ్చారు. ఆ నాటకాలు తెలుగు. మెలట్టూరు వెంకటరామశాస్త్రిగారు వ్రాసిన ప్రహ్లాదచరిత్రము మొదలైన నాటకాలను నేటికీ ఏటేటా నృసింహజయంతి రోజుల్లో వరదరాజస్వామి గుడి ఎదుట ఆడుతున్నారు. వేషాలన్నీ మగవారివే. ఇంట్లో మాట్లాడేది తమిళము, వేదికమీద పాడేది తెలుగు. నరసింహుని ముఖము ధరించే వ్యక్తి ఆ రోజు ఉపవాసము ఉంటాడు. ఆయన పస్తు ఉండి ఆడుతూ ఉంటే ఎదురుగా కూర్చొని తినడానికి ఎవరికి చేయి వస్తుంది? వలసవచ్చి కొన్ని వందల ఏండ్లు గడిచినా ఆ ఊళ్లో తెలుగు పాట నిలిచింది. ఆట దేవుడి పని అన్న భయమూ భక్తీ ఉండబట్టి నిలిచింది.

అంతదూరము ఎందుకు? మనము ఉంటున్న ఈ కన్నడ దేశపు సోదరులనే చూడండి. కరావళిలో యక్షగానము ఉన్నది. కోరిక తీరితే కటీలు అమ్మవారి మేళముచేత ఆట ఆడిస్తామని మ్రొక్కుకొంటారు. ఆ ఆటకు ఏండ్ల ముందే పేరు నమోదు చేసుకోవాలి. తమ వంతు వచ్చినరోజున ఇంటివారు ఊరందరినీ పిలిచి భోజనము పెడతారు. ఆ తరువాత చెండె మ్రోగుతుంది. ఇక అందరి చూపూ వేషగాండ్లమీదనే. ఇక్కడ చామరాజపేటలో శ్రీరామసేవా మండలివారు 1939 నుంచి శ్రీరామనవమికి సంగీతోత్సవము చేస్తున్నారు. ఉగాది మొదలుకొని తొమ్మిదో రోజునే నవమి కనుక మీలో చాలామంది వెళ్లే ఉంటారు. నవమి అంటే ఈ ఊళ్లో పానకము, మజ్జిగ, కోసంబరి. పానకము త్రాగినవారు కచ్చేరీలో గంటల తరబడి కూర్చుంటారు. పానకము ఉన్నదని పాట చిన్నది కాలేదు. పెట్టేదాన్ని ప్రసాదమనుకొంటే వినేది వెనుకబడదు.

ఇప్పుడు విదేశపు సంగతి ఒకటి చెప్పాలి. మాతో పనిచేసే మిత్రులొకరు కంబోడియా వెళ్లి అంగ్‌కోర్ దేవాలయాలు చూచివచ్చారు. ఆ దేవాలయాల ప్రక్కనే సియెం రీప్ అనే పట్టణము. సాయంకాలము అక్కడి భోజనశాలల్లో ఒక ప్రక్క వేదిక, ఒక ప్రక్క వంటకాల వరుస. యాత్రికులు పళ్లెము నింపుకొని వచ్చి బల్ల దగ్గర కూర్చొని తింటూ ఉంటే గంటసేపు ఖ్మేర్ నాట్యము జరుగుతుంది. తలమీద బంగారు కిరీటము, వ్రేళ్లు వెనుకకు వంచి పట్టే ముద్రలు, నీటిమీద తేలినట్లు మెల్లని నడక. వాళ్లకూ రామాయణము ఉన్నది, దాని పేరు రియాంకెర్. మన రామాయణంలో లేని మత్స్యకన్య ఒకతె అందులో ఉన్నది. హనుమంతుడు సేతువు కడుతూ ఉంటే ఆమె అడ్డుపడుతుంది, చివరకు అతడిమీద మనసుపడుతుంది. మా మిత్రులు ఆ ఘట్టమే చూచారట. ప్రక్కబల్ల మీదివారు వేదికకు వీపు పెట్టి రొయ్యలు ఒలుచుకొంటున్నారట!

ఆ నాట్యము సామాన్యమైనది కాదు. 1906లో సిసోవాత్ మహారాజు తన ఆస్థాన నర్తకులను ఫ్రాన్సు తీసుకొనివెళ్లినప్పుడు రోడాన్ అనే మహాశిల్పి వారిని చూచి మురిసిపోయి ఎన్నో బొమ్మలు గీశాడు. ఇరవయ్యవ శతాబ్దము నడిమికాలంలో కొసమాక్ రాణి అంగ్‌కోర్ శిల్పాలలోని అప్సరసలను చూచి అప్సరస నృత్యమును రూపొందింపజేసింది. ఆమె మనుమరాలు బుప్ఫాదేవి దానికి పేరుపొందిన నర్తకి. ఆ తరువాత 1975 నుంచి 1979 వరకు ఖ్మేర్ రూజ్ పాలనలో గురువులలో, కళాకారులలో దాదాపు అందరూ నశించారు. మిగిలిన కొద్దిమందీ తమకు గుర్తున్న ముద్రలను ఒక్కొక్కటే పోగుచేసి పిల్లలకు నేర్పారు. 2003లో యునెస్కో ఆ నాట్యమును మానవజాతి వారసత్వముగా ప్రకటించింది. భోజనశాలల్లో ఆడేవారిలో చాలామందికి అది జీవనాధారము. వారిని తక్కువగా ఎంచడానికి మేము ఎవరము?

కాని ఒక భేదము ఉన్నది. అక్కడ చూచేవారు పరదేశీయులు. వారికి ఆ భాష రాదు, కథ తెలియదు, మరునాడు విమానము ఎక్కి వెళ్లిపోతారు. తింటూ చూచారంటే అర్థము ఉన్నది. మనము సత్యభామకు పరదేశీయులమా? ఆమె మాట మన మాట, ఆమె అలుక మన ఇండ్లలోని అలుక. అయినా మన పిల్లలకు బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడము, ఇంట్లో సగము తెలుగు. ఇంకొక తరము ఇట్లాగే గడిస్తే వాళ్లు ఆ భోజనశాలలో వేదికకు వీపు పెట్టి కూర్చున్న యాత్రికులే అవుతారు. ఆ కంబోడియావారు తమ కళను కత్తివాదర నుంచి కాపాడుకొన్నారు. మన కళను కత్తితో ఎవరూ నరకడము లేదు. గరిటెలతో మనమే ప్రక్కకు నెడుతున్నాము.

కాబట్టి మా సంఘానికీ, ఇట్టి సంఘాలన్నిటికీ కొన్ని సూచనలు మనవి చేస్తాము.

మొదటిది: సాయంత్రము అయిదున్నరకు వచ్చినవారికి వచ్చినట్లే కాఫీ, ఇంత ఉప్మా పెట్టండి. పిల్లలకు పాలు, అరటిపండు. ఆకలి తీరినవాడు స్థిమితముగా కూర్చొంటాడు.

రెండవది: ఆరుంబావుకు తెలిసినవారొకరు కథను పది నిమిషాలు తేట తెలుగులో చెప్పాలి. ముక్కెర అంటే ఏమిటి, దరువు అంటే ఏమిటి, సత్యభామ తన భర్త పేరు నోటితో చెప్పడానికి ఎందుకు సిగ్గుపడుతుంది – ఇవి తెలిస్తే పిల్లవాడు కూడా నవ్వవలసినచోట నవ్వుతాడు.

మూడవది: ఆరున్నర నుంచి ఎనిమిది వరకు ఆట. మంగళము పాడేవరకు పాత్రల మూతలు తీయరాదు. వంటవారికి ఈ మాట ముందుగానే గట్టిగా చెప్పాలి. దూరాభారమువల్ల ముందు వెళ్లవలసినవారికి ద్వారము దగ్గర పొట్లము కట్టి ఇవ్వండి. వారి ఇబ్బంది నిజమైనది.

నాలుగవది, ముఖ్యమైనది: మొదటి పంక్తిలో కళాకారులకు ఆకులు వేయాలి. వారు రంగు కడుక్కొని వచ్చేవరకు ఒక పావుగంట మనము ఆగుదాము. కార్యవర్గమువారే వడ్డించాలి. వారి ప్రక్కన మన పిల్లలను కూర్చోబెట్టాలి. ‘నీకు ఆ జడ బరువుగా లేదా?’ అని పిల్ల అడుగుతుంది, ఆమె జవాబు చెబుతుంది. ఆ మాటలు తెలుగులో జరుగుతవి. అంతకంటె మంచి తెలుగు పాఠము ఏ బడిలో ఉన్నది?

అయిదవది: విందు ఖర్చు వేరు, కళాకారుల పారితోషికము వేరు. గుమాస్తాలము కనుక లెక్క చెబుతున్నాము. ఒక పద్దులో లోటు వస్తే రెండవ పద్దులోనుంచి తీయవద్దు. స్వీటు ఒకటి తగ్గితే ఎవరికీ నష్టము లేదు. వచ్చినవారి రైలుచార్జీ తగ్గితే మరు సంవత్సరము వారు రారు.

ఇట్లా చేస్తే జనము రారేమో అని సందేహము కలుగవచ్చు. మొదటి ఏట కొందరు తగ్గుతారేమో. కాని వచ్చినవారు మాత్రము సగములో లేవరు. మూడు వందల మంది వచ్చి నూరుమంది చూచేకంటె, నూట యాభైమంది వచ్చి నూట యాభైమందీ చూచుట మేలు. పైగా ఆట బాగున్నదని ఇంటికి వెళ్లి నలుగురికి చెబుతారు. వంకాయకూర బాగున్నదన్న మాట అంతదూరము పోదు.

ఈ ఉదయము మనమందరమూ ఏమి చేశాము? తలంట్లు పోసుకొని, దేవుడికి దండము పెట్టి, మొట్టమొదట ఉగాదిపచ్చడి నోట వేసుకొన్నాము. వేపపువ్వు ముందు, బొబ్బట్టు తరువాత. బొబ్బట్టు ఎంత ఘుమఘుమలాడినా ఆ వరుస ఏ ఇంట్లోనూ తప్పలేదు. చంటిపిల్లవాడు కూడా మొగము చిట్లించుకొని పచ్చడి నాకాడు. ఆ వరుస తెలిసిన జాతి మనది. సాయంకాలపు సభలో కూడా అదే వరుస పాటించమని మీ అందరినీ వేడుకొంటున్నాము.

మాకు తోచింది చెప్పాము. మంచి ఉంటే గ్రహించండి.